గుమ్మం ముందు ఆగిపోయిన వీరుడు

కౌండిన్యకు వాదన అంటే భయం లేదు. ఆట అంటేనే భయం. వీడియో గేములు తయారుచేయడం నేర్చుకుంటున్న కుర్రాడికి ఇలాంటి జబ్బు ఉందని తెలిస్తే నలుగురూ నవ్విపోతారు. అందుకని ఎవరికీ తెలియనివ్వలేదు. ఎవరైనా కంట్రోలర్ చేతికివ్వబోతే గొప్ప చర్చ ఒకటి ఎత్తుకునేవాడు. చర్చ అయ్యేసరికి ఆడే వేళ దాటిపోయేది.

నెల్లూరులో ఒక కళ్ళజోళ్ళ దుకాణం మీది మేడగదిలో మస్తాన్‌వలీ గారు ఆ విద్య నేర్పేవారు. బెంగుళూరులో చాలా ఏళ్ళు గేములు చేసి, జుట్టు నెరిశాక సొంతూరు చేరిన మనిషి. శిష్యులు ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు. ఆయన పాఠాలు చెప్పేది తక్కువ. ఏదైనా అడిగితే టీ తెప్పిస్తారు తప్ప జవాబు చెప్పరని శిష్యులు వెనకాల గొణుక్కునేవాళ్ళు.

ఆ రోజుల్లో శిష్యులంతా కలిసి తమ మొదటి ఆట తయారుచేస్తున్నారు. యాక్షన్ రోల్‌ప్లేయింగ్ అనే రకం. అందులో ఆడేవాడు ఒక వీరుడి వేషం కడతాడు. ఆ వీరుణ్ణి పెంచి పెద్దచేస్తాడు, కత్తీ కవచం సమకూర్చి సంచి నింపుతాడు. తీరా యుద్ధం వచ్చినప్పుడు సొంత వేళ్ళతోనే బొత్తాలు నొక్కి పోరాడతాడు. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. వీటిలో అసలుది ఏది అనే దగ్గర పేచీ వచ్చింది. అది తేలితే గాని ఆట ముందుకు కదలదు.

"పెంచడమే అసలు," అన్నాడు కౌండిన్య. "వీరుడికి తగినంత బలం ఉంటే వాడు గెలిచి తీరాలి. ఆడేవాడి వేళ్ళు చురుగ్గా ఉన్నాయా లేదా అన్నది లెక్కలోకే రాకూడదు. వేళ్ళ చురుకే కావాలంటే గోలీలాడుకోవచ్చు."

సలోమి అతనితో పాటు చదువుకునే అమ్మాయి. కావలి నుంచి రోజూ రైల్లో వచ్చేది. నోటిలో మాట ఆగదు.

"చెయ్యి ఆడకపోతే అది ఆటెట్టా అవుద్ది కౌండిన్యా? ఊరికే సంచి సర్దుకుంటా కూర్చునేదానికి ఆటెందుకు? ఇంట్లో బీరువా లేదా?"

గదిలో అందరూ నవ్వారు. కౌండిన్య చెయ్యి మాత్రం మెడలో తాడు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఆ తాడుకు చిన్న గుడ్డసంచి వేలాడుతుండేది. తాయెత్తు కాబోలనుకుని ఎవరూ అడగలేదు.

అది తాయెత్తు కాదు. ఒక పాత గేము ఎంతవరకు వచ్చిందో దాచిపెట్టే మెమరీ కార్డు. అందులో ఒక వీరుడున్నాడు.

ఆ వీరుణ్ణి కౌండిన్యా, వాళ్ళ నాన్నా కలిసి పెంచారు. నాన్న బిట్రగుంటలో గూడ్సు బండి గార్డు. రైల్వే క్వార్టర్‌లో, చాప మీద, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్ళు. ఏళ్ళ తరబడి జెండా ఊపిన ఆ పెద్ద చేతులకు కంట్రోలర్ మీది చిన్న బొత్తాలు లొంగేవి కావు. నాలుగుసార్లు ప్రయత్నించి, "యుద్ధం నీది, సంచి నాది" అని పంపకం చేసేశాడు. సంచి తెరిస్తే ఆట ఆగి నిలబడుతుంది కాబట్టి అక్కడ తొందరేం లేదు. కత్తి ఏది, కవచం ఏది, ఏ మందుసీసా ఏ అరలో ఉండాలి, అన్నీ ఆయన చూసుకునేవాడు. డ్యూటీకి పోయేముందు తన సంచిలో టార్చీ, జెండాలూ, నీళ్ళ సీసా ఎంత శ్రద్ధగా సర్దుకునేవాడో ఇదీ అంత శ్రద్ధగానూ సర్దేవాడు. యుద్ధంలో వీరుడికి దెబ్బలు తగలగానే కౌండిన్య ఆట ఆపి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే కంట్రోలర్ ఎడమపక్కకు చాచేవాడు. నాన్న అందుకునేవాడు. సంచి తెరిచి వీరుడికి మందు పట్టించి తిరిగిచ్చేవాడు.

ఆ ఆటలో వీరుడికి ఒకటే ప్రాణం. చచ్చిపోతే ఆట వాణ్ణి చెరిపేస్తుంది, మళ్ళీ పుట్టించదు. కార్డుకు కాపీ తీసినా చెల్లదు.

చివరికి ఇద్దరూ వీరుణ్ణి నల్లకోట గుమ్మం దాకా తెచ్చారు. లోపల ఏముందో తెలియదు. ఆ సాయంత్రం నాన్న చాలాసేపు సంచి సర్దాడు. సర్ది, గడియారం చూసి లేచాడు. "డ్యూటీకి టైమైంది. వచ్చినాక పోదాంలే లోపలికి," అన్నాడు.

ఆ డ్యూటీ నుంచి ఆయన తిరిగి రాలేదు. బండిలోనే గుండె ఆగిపోయింది.

అప్పటి నుంచి వీరుడు గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. కౌండిన్య అప్పుడప్పుడు తలుపు గడియ వేసుకుని ఆట తెరిచేవాడు. సంచి తెరిచి చూసేవాడు. ఒక్క వస్తువు కూడా కదిపేవాడు కాదు. మళ్ళీ మూసేసేవాడు. నాన్న బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు. ఆయన మంచం చుట్టాలెవరో పట్టుకుపోయారు. లోకం మొత్తంలో ఆయన చేత్తో పెట్టింది పెట్టినట్టుగా ఉన్నది ఆ సంచి ఒక్కటే. గుమ్మం దాటితే, ఒక్క వేలు తప్పుగా పడితే, అదీ పోతుంది. ఆ ఆలోచన వస్తేనే అతనికి అరచేతులు చల్లబడిపోయేవి. ఆ చల్లదనంలోంచి పుట్టిందే అతని వాదమంతా. అది అతనికి కూడా తెలియదు.

సలోమి పట్టిన పట్టు వదల్లేదు. "ఉస్తాద్, మీరే తేల్చండి. ఈ రకం ఆటకి అసలు గుర్తేంది? వేషమా, చెయ్యా?"

ఉస్తాద్ ఈసారి టీ తెప్పించలేదు. కౌండిన్య మెడ వైపు చూశారు.

"అందులో ఏముంది బేటా?"

"మెమరీ కార్డు ఉస్తాద్."

"వీరుడున్నాడా?"

"ఉన్నాడు."

"బలం ఏమాత్రం?"

"ఎంత ఉండొచ్చో అంతా ఉంది. వాడి పైన ఇంక లెవెల్ లేదు." ఆ మాట చెప్పేటప్పుడు కౌండిన్య గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

"అట్టయితే నీ వాదానికి వాడే సాక్షి. పిలువు."

కౌండిన్యకు తప్పించుకునే దారి లేకపోయింది. బలముంటే చాలు, చేతితో పనిలేదని ఇప్పటిదాకా ఊదరగొట్టింది తనే కదా. ఉస్తాద్ గేము పేరడిగి, మూలనున్న పాత ఆటపెట్టె దుమ్ము దులిపి, ఆ డిస్కు వేసి టీవీకి తగిలించారు. కౌండిన్య టీవీ ముందు చాప మీద కూర్చుని, తాడు విప్పి కార్డు పెట్టాడు. పెట్టాక కూడా దాని మీద నుంచి వేలు తీయబుద్ధి కాలేదు.

తెర వెలిగింది. నల్లకోట గుమ్మం ముందు వీరుడు. గాలికి వాడి ఉత్తరీయం ఎగురుతోంది. ఎండ బాగా కాస్తోంది. గుమ్మం అవతల ఏదో పెద్దది ఊపిరి పీలుస్తున్న చప్పుడు.

"పో లోపలికి," అన్నారు ఉస్తాద్.

"వద్దు ఉస్తాద్."

"బలముంది కదా?"

"ఉంది."

"మరి భయపడేది ఎవరు? వాడా, నువ్వా?"

కౌండిన్య తెర వైపు చూశాడు. వీరుడు ఏ భయమూ లేకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. కంట్రోలర్ మాత్రం తన చేతుల్లో చిన్నగా వణుకుతోంది. గదిలో అందరూ అది చూస్తున్నారు. ఇంక దాచడానికి ఏమీ లేదు.

"సంచి మా నాన్న సర్దాడు ఉస్తాద్," అన్నాడు. "సర్ది గూడ్సు బండి డ్యూటీకి పోయాడు. మళ్ళీ రాలేదు. వీడు చస్తే అది కూడా పోతుంది."

బీరువా మాట అన్నది గుర్తొచ్చి సలోమి తల దించుకుంది.

ఉస్తాద్ కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగి, చాప మీద కౌండిన్యకు ఎడమపక్కన కూర్చున్నారు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు.

"చూడొచ్చా?"

కౌండిన్య సంచి తెరిచాడు. ఆట ఆగింది. ఊపిరి చప్పుడు కూడా ఆగింది. ఉస్తాద్ దేన్నీ తాకలేదు. పెళ్ళిలో పెట్టిన సారె చూసే పెద్దమనిషిలా ఒక్కొక్క అరా తీరిగ్గా చూశారు.

"ఈ దివిటీ ఎందుకు పెట్టాడు? బయటంతా ఎండే కదా."

"లోపల చీకటిగా ఉంటుందని."

"తడి దుప్పటి?"

"లోపల మంటలుంటాయేమోనని."

"ఈ ఎర్ర సీసాలన్నీ పై అరలోనే ఉన్నాయే?"

"దెబ్బ తగిలినప్పుడు తొందరగా..." కౌండిన్య తెర మీది పై అర వైపు చూశాడు. "తొందరగా చేతికందాలని."

ఉస్తాద్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బండి కదులుద్దనే సర్దినాడు బేటా, మీ నాయన."

ఆ సంచిని కౌండిన్య ఎన్నిసార్లు చూశాడో. ప్రతిసారీ పూజగది తలుపు తీసినట్టు తీసి, మూసేవాడు. నాన్న దాన్ని ఎందుకు నింపాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. వచ్చినాక పోదాంలే అన్నాడు. ఉందాంలే అనలేదు.

సంచి మూశాడు. మళ్ళీ ఊపిరి చప్పుడు మొదలైంది. బొత్తం నొక్కాడు. గుమ్మం తెరుచుకుంది.

లోపల నిజంగానే చీకటి. దివిటీ వెలిగించాడు. ఆ వెలుగులో కనిపించినదాన్ని చూసి వెనకనున్న వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. అంత బలమున్న వీరుడు ఒక్క దెబ్బకే గోడకు కొట్టుకుని పడ్డాడు. కౌండిన్య బొత్తాల మీద వేళ్ళు బిగించాడు. తప్పుకున్నాడు, కొట్టాడు, మళ్ళీ తప్పుకున్నాడు. ఇంత కాలం మూలపడ్డ వేళ్ళకు పాత దారులు ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి. కాని అది మళ్ళీ కొట్టింది. నిప్పు కురిసింది. వీరుడి ప్రాణం తెర మూలన సన్నటి ఎర్రగీతలా మిగిలింది. ఇంకొక్క దెబ్బ తగిలితే అంతే.

కౌండిన్య ఆట ఆపాడు. ఆపి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా, కంట్రోలర్ ఎడమపక్కకు చాచాడు.

చాచిన తర్వాత తెలిసింది తనేం చేశాడో. ఆ పక్కన ఉండాల్సిన మనిషి లేడు. చెయ్యి వెనక్కి తీసుకోలేక, అటు తిరిగి చూడలేక అలాగే ఉండిపోయాడు.

ఒక ముసలి చెయ్యి కంట్రోలర్ అందుకుంది.

బొత్తాలు ఒక్కొక్కటీ నిదానంగా నొక్కుతున్న చప్పుడు. ఏ బొత్తం ఏదో వెతుక్కుంటున్న చప్పుడు.

"పై అరేనా?" అన్నారు ఉస్తాద్.

"ఆ. ఎర్ర సీసా. తర్వాత దుప్పటి కప్పండి." అన్నాడు కౌండిన్య.

వెనక నుంచి సలోమి ఉండబట్టలేక మెల్లిగా అడిగింది. "ఉస్తాద్, ఇంతకీ గుర్తేందో చెప్పలేదు మీరు. వేషమా, చెయ్యా?"

ఉస్తాద్ దుప్పటి కప్పి, కంట్రోలర్ తిరిగి కౌండిన్య చేతిలో పెట్టారు.

"ఆగమ్మా," అన్నారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇద్దరం పనిలో ఉన్నాం."