రేవు అధికారి ఏ రాజు కొలువులో?

పూర్వం ఒక రేవులో తాళ్లు పేనుకుని బతికే నూకాలు అనే మనిషి ఉండేది. ఓడ పనికి పోయిన పెనిమిటి ముత్యాల దీవిలో జబ్బుపడ్డాడని ఆమెకు కబురొచ్చింది. ఓడెక్కబోతే రేవు అధికారి భద్రయ్య అడ్డుపడ్డాడు.

"ఆ దీవి రాజు ముద్ర ఉంటేనే ఎక్కనిస్తాను."

"ఆ ముద్ర ఎక్కడ వేస్తారు బాబూ?"

"ఆ దీవిలోనే."

"ఓడెక్కకుండా దీవికి ఎలా పోయేది?"

"అది నాకెందుకు?"

కాళ్లమీద పడినా ఆయన కరగలేదు. రెండు ఓడలు ఆమె కళ్లముందే వెళ్లిపోయాయి. మూడో ఓడకు తెరచాప ఎత్తేసరికి ఆమెకు ఏడవడానికి ఓపిక కూడా మిగల్లేదు.

"బాబూ, నన్ను రానివ్వనని ఆ రాజు మీతో చెప్పాడా?"

"చెప్పాలా ఏమిటి? రానివ్వడు."

"అయితే ఆ మాటే రాసి మీ ముద్ర వేసివ్వండి. ఆ రాజు తరఫున తీర్పు చెప్పే కొలువు మీకెప్పుడు దొరికిందో మన రాజుగారినే అడుగుతాను."

భద్రయ్య ముఖం పాలిపోయింది. పరాయి రాజు కొలువు చేస్తున్నాడంటే తల దక్కదు.

"ఎక్కు, ఎక్కు! రానివ్వాలో వద్దో వాళ్లే చూసుకుంటారు."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నూకాలు నవ్వలేదు. మొదటి ఓడనాడే ఈ మాట తట్టలేదే అనుకుంటూ ఓడలో ఓ మూల కూలబడింది. పెనిమిటి ఇంకా ఉన్నాడో లేదో చెప్పేవాళ్లు ఆ ఓడలో ఒక్కరూ లేరు.