మూడో పిలుపు

నల్లరాతి గుట్ట మీద మనుషులు తవ్వుకున్నన్నాళ్లు రాయి తవ్వుకుని, అడుగు చూస్తే కళ్లు తిరిగేంత గొయ్యి మిగిల్చి వెళ్లిపోయారు. ఆ క్వారీ అంచున నిలబడి అరిస్తే మన అరుపే తిరిగొస్తుంది, కాస్త ఆలస్యంగా, కాస్త వేరే గొంతుతో. అందుకే అక్కడి జంతువులకి ఒక ఆచారం ఉండేది. మంచు దిగినప్పుడు ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదు. రెండో పిలుపుకీ పలకకూడదు. మూడోసారి కూడా పిలిస్తే అప్పుడు వెళ్లాలి. దయ్యానికి రెండు పిలుపులకే ఊపిరి అయిపోతుందని పెద్దలు చెప్పేవాళ్లు. నవ్వకండి, మీ ఇంట్లో పెద్దలు ఇంతకంటే వింతలే చెప్పి ఉంటారు.

ఆ గుట్ట మీదే నక్క వీరాసామి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. మాంసం ముట్టనని మెడలో తులసిమాల కూడా వేశాడు. జంతువులకి ఫోన్లేమిటని అడగబోయేవాళ్లు ముందు తమ చేతిలోది ఒకసారి చూసుకుని అడగండి.

వాడి కొట్లో రెండే కంపెనీలు. ఒకటి పిడుగు, ఒకటి గుండ్రాయి. అంతే, గుట్ట రెండుగా చీలిపోయింది. గాడిద చెంగయ్యది పిడుగు పార్టీ. పిడుగులో తీసిన ఫొటోలో తన చెవులు పొట్టిగా పడతాయని వాడి మురిపెం. దున్నపోతు బాలంకయ్యది గుండ్రాయి పార్టీ. వాడు పొరపాటున ఫోన్ మీద కూర్చున్నా అది పగల్లేదట, ఆ సంగతి చెప్పని రోజు లేదు. మా కంపెనీ ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఇస్తుందని వాళ్లంటే, మా దానికి అప్‌డేట్ వచ్చాక కూడా చార్జింగ్ దిగదని వీళ్లు. చెంగయ్య తాగిన మడుగులో బాలంకయ్య మూతి పెట్టడం మానేశాడు. కంపెనీవాడికి వీళ్లిద్దరి పేర్లయినా తెలుసో లేదో.

ఏ పార్టీలోనూ లేనిది ముసలి మేక పోలమ్మ ఒక్కతే. ఆమె ఫోన్ మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది. అద్దం పగిలితే రబ్బరు బ్యాండు చుట్టుకుంది. దానికి అప్‌డేట్లు ఆగిపోయి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. వీరాసామి దాన్ని ఇటుక అనేవాడు. అది ఇటుకే అయితే దాని మీద ఇల్లు కట్టుకుంటాలే నాయనా అనేది పోలమ్మ. ఆమె కూతురు రత్తికి మాత్రం పిడుగు కొత్త మోడల్ ఉండేది. మనవరాలు చుక్కకి నుదుటి మీద తెల్ల మచ్చ, ఇంకా పాలు మానని పిల్ల.

చలి మొదలవగానే వీరాసామి ఒక మాట చాటించాడు. రెండు కంపెనీలకీ పెద్ద అప్‌డేట్ వచ్చింది, ఇక ఫోన్ మీ గొంతు వింటేనే తెరుచుకుంటుంది, దొంగల భయం ఉండదు. కొట్టుకి వచ్చి, మీకు బాగా కావలసినవాళ్లని ఎలా పిలుస్తారో అలా మూడుసార్లు పిలిస్తే చాలు. అందరూ వరస కట్టారు. మూడుసార్లే ఎందుకని ఒక్కరైనా అడగలేదు. అడగడానికి తీరికేది, ఎవరి కంపెనీకి అప్‌డేట్ ముందొచ్చిందని అక్కడే కొట్టుకుంటుంటే.

రత్తి కూడా వెళ్లింది. ముందురోజు తుమ్మకాయలు తెగ నమిలి గొంతు గరగరమంటోంది. 'ఓ చుక్కా... రావే తల్లీ' అని పిలిచింది. రెండోసారి పిలుస్తుంటే మధ్యలో పొడిదగ్గు వచ్చింది. పరవాలేదు, అదీ బాగుందన్నాడు వీరాసామి. పక్కనున్న చుక్క నేనూ నేనూ అని గెంతి, 'అమ్మా' అని మూడుసార్లు అరిచింది. వీరాసామి తల నిమిరి, పిల్లది చురుకైందని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత మంచు దిగింది.

మొదట ఒక గొర్రె కనపడకుండా పోయింది. సాయంత్రం మేస్తూ మేస్తూ తలెత్తి, మా అక్క పిలుస్తోందని నడిచి వెళ్లిందట. వాళ్లక్క అప్పుడు దాని వెనకాలే మేస్తోంది. పోయినదాని దగ్గరున్నది గుండ్రాయి కాబట్టి, ఆ ఫోన్ దారి తప్పించి ఉంటుందని చెంగయ్య తేల్చేశాడు. తర్వాత ఒక కుందేలు పోయింది. దాని దగ్గరున్నది పిడుగు. బాలంకయ్య కొమ్ములు ఊపుతూ గుట్టంతా తిరిగి ఆ సంగతి చెప్పాడు. పోయినవాళ్ల కోసం ఏడ్చినవాళ్లకంటే, పోయినవాళ్లది ఏ కంపెనీ అని అడిగినవాళ్లే ఎక్కువ.

ఒక సాయంత్రం పోలమ్మ రాతికి ఆనుకుని పడుకుని ఉంది. ఆమె పొట్టకి ఒదిగి చుక్క నిద్రపోతోంది. రత్తి కాస్త అవతల ఆకులు కోస్తోంది. మంచులోంచి చిన్న గొంతు వినపడింది.

'అమ్మా.'

పోలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది చుక్క గొంతు. పోలమ్మ కిందికి చూసింది. చుక్క కళ్లు మూసుకునే ఉంది, మూతి కదలడం లేదు, పొట్ట మెల్లగా ఎగసి దిగుతోంది. మంచులోంచి మళ్లీ 'అమ్మా' అంది అదే గొంతు. పిల్ల ఇక్కడుందే అని ఆమె అరిచేలోపే మంచు ఇంకోసారి పిలిచింది. మూడో 'అమ్మా' వినపడగానే రత్తి పరుగెత్తింది. మూడు పిలుపులయ్యాయి కదా, ఇంక అనుమానమేముంది ఆ తల్లికి. మెడలో గంట కాసేపు మోగింది. తర్వాత ఒక్కసారిగా ఆగింది.

పోలమ్మ తెల్లవార్లూ ఏడ్చింది. ఎడారిలో ఏడ్చినా వినేవాళ్లుంటారేమో గానీ, ఆ గుట్ట మీద మాత్రం రత్తిది పిడుగు పాత మోడలా కొత్త మోడలా అని వాదన నడిచింది.

మర్నాటి సాయంత్రం మంచులోంచి రత్తి పిలిచింది.

'ఓ చుక్కా... రావే తల్లీ.'

చుక్క దిగ్గున లేచింది. అమ్మ వచ్చిందని గెంతింది. పోలమ్మ దాని చెవి పళ్లతో పట్టుకుని ఆపింది. రెండో పిలుపు వచ్చింది, మధ్యలో పొడిదగ్గు. మూడో పిలుపు వచ్చింది. చుక్క కాళ్లు విసిరి విసిరి ఏడ్చింది. పోలమ్మ మాత్రం మంచులోకి చూసి అడిగింది.

'రత్తీ, నీ బిడ్డకి మచ్చ ఎక్కడుందే?'

మంచులోంచి మళ్లీ మొదటి నుంచి అవే పిలుపులు. 'ఓ చుక్కా... రావే తల్లీ.' రెండోదానిలో అదే చోట అదే దగ్గు. తుమ్మకాయలు నమిలిన దగ్గు ఇన్నాళ్లుంటుందా అనుకుంది పోలమ్మ. అప్పుడామెకి అర్థమైంది. అది రత్తి కాదు, రత్తి కొట్లో వదిలేసి వచ్చిన గొంతు.

చుక్కని బండల సందులో దాచి, గొంతు వినపడే వైపు వెళ్లింది. మేక కాలు కదా, ఒక్కో అడుగూ రాతిని అడిగి వేసింది. దారిలో సున్నం పూసిన రాయి ఒకటి కనపడింది. ఆ రాయి దాటాక ఇంకో గెంతు నేల ఉంది. ఆ తర్వాత నేల లేదు. మంచు కాస్త విడితే క్వారీ ఎదురు గోడ సందులో ఒక వెలుగు కనపడింది. రత్తి గొంతుతో అరుస్తున్నది ఆ వెలుగే. కింద, లారీలు దిగే పాత బాట పక్కన, వీరాసామి కూర్చుని పాదాలు నాక్కుంటున్నాడు. వాడి పక్కన రత్తి మెడ గంట. తులసిమాల ఒక రాయికి తగిలించి ఉంది.

మంచులో అంచు ఎక్కడుందో తనకి తెలియడానికే వాడు సున్నం రాయి పెట్టుకున్నాడని పోలమ్మకి అప్పుడే తెలిసింది. మిగతావాళ్లకి ఆ ఆసరా లేదు.

పొద్దున్నే అందరినీ పిలిచి, చూసింది చూసినట్టు చెప్పింది. అంతా విన్నాక బాలంకయ్య గొంతు సవరించుకున్నాడు.

'అది సరే పెద్దమ్మా, ఆ గోడ సందులో ఉన్నది ఏ కంపెనీ ఫోను?'

చూడలేదంది పోలమ్మ. అంత వెలుగొచ్చిందంటే పిడుగే అని వాడన్నాడు. అంత మోసం చేసిందంటే గుండ్రాయే అని చెంగయ్య అన్నాడు. మాల వేసుకున్నవాడి మీద నింద వేస్తావా అని ఇద్దరూ కలిసి పోలమ్మని కసిరారు. వాళ్లిద్దరూ ఒకమాట మీదికి వచ్చింది ఆ ఒక్కసారే. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని ఆమె లేచి వచ్చేసింది.

వీరాసామి చెవినా ఆ మాట పడింది. అదే రోజు ఏమీ ఎరగనట్టు వచ్చి పోలమ్మ ముందు చతికిలబడ్డాడు.

'అత్తా, కూతురు పోయిన బాధలో ఏదో అన్నావు, నేను పట్టించుకోను. ఆ ఇటుక నాకిచ్చెయ్. కొత్తది ఊరికే ఇస్తా. చుక్క మొహం చూసైనా తీసుకో.'

పోలమ్మ తల దించుకుంది. కోపాన్ని మేతతో పాటు నమిలి మింగింది.

'నా గొంతెవరికి కావాలి నాయనా. పోయే ప్రాణం. దీనికి పొద్దున్నే మోగడం తప్ప ఇంకేం రాదు. గొంతులు పట్టి దాచుకునే తెలివి దీనికెక్కడిది? దీంతోనే వెళ్లిపోనీ నన్ను.'

వీరాసామికి నవ్వొచ్చింది. నీ ఖర్మ అని వెళ్లిపోయాడు. అప్‌డేట్ లేని ఫోన్ అంటే వాడికి చచ్చిన ఫోన్ కిందే లెక్క. చచ్చినదానితో పనేమిటి అనుకున్నాడు.

వాడు కనుమరుగయ్యాక పోలమ్మ పాత ఫోన్ తీసింది. పగిలిన అద్దం మీద మూతి ఆనించి, కాలు విరిగిన మేక ఎలా మూలుగుతుందో అలా మూలిగింది. 'ఎవరైనా ఉన్నారా నాయనా... లేవలేకుండా ఉన్నా' అంది. ఆ గొంతునే పొద్దున్నే మోగే అలారంగా పెట్టింది. గొంతు పట్టడం ఆ ఫోన్‌కి కొన్న రోజు నుంచీ వచ్చు. అడిగినవాళ్లే లేరు.

చీకటి పడకముందే క్వారీ అంచుకి వెళ్లింది. సున్నం రాయిని కొమ్ములతో మెల్లమెల్లగా తోసి, సరిగ్గా అంచు మీద నిలబెట్టింది. అంచులోంచి గొయ్యి మీదికి వాలి పెరిగిన మేడిచెట్టు ఒకటుంది. ముసలిదైనా మేక మేకే. కింద చూడకుండా కొమ్మ చివరిదాకా పాకి, రబ్బరు బ్యాండుతో ఫోన్‌ని కొమ్మకి తగిలించి వెనక్కి వచ్చింది. చుక్కని పొదువుకుని పడుకుంది గానీ కన్ను మూతపడలేదు.

పొద్దున మంచు ముందెన్నడూ లేనంత దట్టంగా ఉంది. ఆ తెలుపులోంచి పోలమ్మ గొంతు మూలిగింది.

'ఎవరైనా ఉన్నారా నాయనా... లేవలేకుండా ఉన్నా.'

పక్కనే అమ్మమ్మ మూతి మూసుకుని ఉండగా అమ్మమ్మ గొంతు దూరంగా వినపడేసరికి చుక్క ఒళ్లంతా ముడుచుకుపోయింది. పోలమ్మ దాని నుదుటి మచ్చ నాకుతూ కూర్చుంది.

కొట్లో పడుకున్న వీరాసామి చెవి లేచింది. వాడు మామూలుగా ఏ గొంతునీ నమ్మేవాడు కాదు. మంచులో తిరిగే గొంతులన్నీ తను పట్టి తను వదిలినవే. కానీ ఈ గొంతు తన దగ్గర లేదు. ముసల్ది అప్‌డేటే చేయించుకోలేదు. ఆ ఇటుకకి గొంతులు పట్టడం రాదు. కాబట్టి ఇది అచ్చంగా పోలమ్మే, కాలు విరిగి అంచున పడి ఉంది. ఇంత చక్కగా ఆలోచించినవాడు ఇంకొక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

సున్నం రాయి కనపడింది. మూలుగు ఆ రాయికి కాస్త అవతల నుంచే వస్తోంది. రాయి దాటాక ఇంకో గెంతు నేల ఉందని వాడికి బాగా తెలుసు. నోరు ఊరుతుండగా రాయి మీంచి దూకాడు.

కింద ఏదో పడిన చప్పుడు, చాలాసేపటికి వచ్చింది.

చచ్చిపోలేదు. నడుం విరిగింది. మంచు ఇంకా విడకముందే గొయ్యిలోంచి కేకలు మొదలయ్యాయి. 'బాలంకయ్య బావా, నేనయ్యా, వీరాసామిని... పైకి లాగండయ్యా.' ఎవరూ కదల్లేదు. మొదటి పిలుపు కదా. రెండోసారి పిలిచాడు. మూడోసారి కూడా పిలిచాడు. అప్పటికి గుట్టంతా అంచుకి దూరంగా గుంపు కట్టింది. పోలమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క మాత్రం అందరికీ బాగా బుర్రకెక్కింది. గొయ్యిలోంచి వచ్చే గొంతుని నమ్మకూడదు.

'వీరాసామన్న గొంతే, అచ్చు గుద్దినట్టుంది,' అన్నాడు చెంగయ్య. 'ఏడుపు కూడా ఎంత స్పష్టంగా వస్తోందో చూడు. ఇది పిడుగే.'

'ఇంతసేపటి నుంచి అరుస్తున్నా చార్జింగ్ దిగలేదు,' అన్నాడు బాలంకయ్య. 'గుండ్రాయి కాక ఇంకేమిటి?'

కింద వీరాసామి ఒట్లు పెట్టాడు. తన తల్లి మీద, తులసిమాల మీద. ఒకసారి అన్న మాట మళ్లీ అనలేదు, ప్రతిసారీ కొత్త మాటలే అన్నాడు. పట్టిపెట్టిన గొంతు అలా మాట్లాడదని అక్కడ తెలిసింది పోలమ్మ ఒక్కదానికే. ఆమె నెమరు వేస్తూ నిలబడింది. జాలి కలగలేదా అంటే కలిగింది, కాదనను. రత్తి గంట గుర్తొచ్చింది, ఊరుకుంది.

రోజులు గడిచేకొద్దీ ఆ గొంతు సన్నగిల్లి ఆగిపోయింది. తర్వాత చార్జింగ్ పెట్టేవాడు లేక గోడ సందుల్లోని గొంతులు కూడా ఒక్కొక్కటే ఆగిపోయాయి. గొర్రె వాళ్లక్క గొంతు పోయింది. 'అమ్మా' అనే గొంతు పోయింది. అన్నిటికంటే చివర రత్తి గొంతు మిగిలింది. చుక్క రోజూ సాయంత్రం అమ్మమ్మని ఆనుకుని కూర్చుని దాన్ని వినేది. వెళ్తానని మారాం చేయడం మానేసింది. ఒక సాయంత్రం మొదటి పిలుపు వచ్చింది. రెండో పిలుపు దగ్గుతో పాటు వచ్చింది. మూడోది రాలేదు.

చుక్క చాలాసేపు మంచులోకి చూసింది.

'అమ్మమ్మా, అమ్మ ఇంక దగ్గదా?'

పోలమ్మ దాని నుదుటి మచ్చ నాకింది. వెనకాల, ఎవరి ఫోన్ ఎక్కువ రోజులు పలికిందని చెంగయ్యా బాలంకయ్యా కొట్టుకుంటూనే ఉన్నారు.

నీతి: పెట్టె మీద ఎవరి పేరుంటేనేం, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసుకోవాలి.