తలుపు తీసినా కదలని దొర

అనగనగా, ఏడు సముద్రాలకి అవతల, ఎండ కంటే మంచు ఎక్కువగా ఉండే ఒక ఊళ్ళో ఆంబ్రోస్ అని ఒక దొర ఉండేవాడు. ఆ ఊరి పేరు లండను. ఆ దేశాన్ని అప్పట్లో స్టూవర్టు వంశపు రాజులు ఏలుతుండేవారు తల్లీ.

ఆంబ్రోస్ దొరకి రాజుగారి దగ్గర పెద్ద కొలువు. ఏం కొలువనుకున్నావు? రోజూ పొద్దున్నే రాజుగారి చొక్కాని పొయ్యి దగ్గర వెచ్చబెట్టి ఆయనకి తొడగడం! నవ్వకు. ఆ కొలువు కోసం ఎంతమంది గొప్పవాళ్ళు పోటీలు పడేవారో. చొక్కా తొడుగుతూ తొడుగుతూ రాజు చెవిలో ఒక మాట వెయ్యచ్చు కదా, అందుకు.

మధ్యాహ్నం అయ్యేసరికి దొరకి ఇంకో పని. వాళ్ళ ఊరివాళ్ళు ఎన్నుకుని అతన్ని దేశం సంగతులు తేల్చే సభకి పంపారు. అంటే పొద్దున రాజు మనిషి, మధ్యాహ్నం ఊరి మనిషి అన్నమాట.

ఆ సభలో గిడియన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనకి ఆంబ్రోస్‌ని చూస్తే ఒళ్ళుమంట. "ఏమయ్యా చొక్కా దొరా, ఇవాళ గుండీలన్నీ సరిగ్గా పెట్టావా?" అని నలుగురిలో ఎగతాళి చేసేవాడు. సభంతా గొల్లుమనేది. ఆంబ్రోస్ చెవులు ఎర్రబడిపోయేవి.

అప్పుడు రాజుకి పక్క దేశం మీద యుద్ధానికి వెళ్ళాలని బుద్ధి పుట్టింది. సభ ఊఁ అని డబ్బిస్తే గానీ వెళ్ళడానికి లేదు. సభవాళ్ళు తలుపులు మూసుకుని కూర్చున్నారు. అక్కడ అందరూ టోపీలు పెట్టుకునే కూర్చుంటారు. మాట్లాడేవాడు మాత్రం లేచి టోపీ తీస్తాడు. ఆ రోజు గిడియన్ టోపీ తీశాడు. "ఈ యుద్ధం జనం కోసం కాదు, రాజుగారి పంతం కోసం. మా ఊరి పిల్లల్ని చావడానికి పంపం!" అన్నాడు.

మూసిన తలుపుల వెనక అన్న మాట బయటికి పోకూడదు. అది ఆ సభ కట్టుబాటు. కానీ ఎలా పోయిందో పోయింది. మాట రాజు చెవిన పడింది. పేరు పడలేదు.

మర్నాడు పొద్దున ఆంబ్రోస్ చొక్కా తొడుగుతున్నాడు. రాజు తల ఇంకా చొక్కాలోనే ఉంది. ఆ లోపల్నుంచే అడిగాడు: "ఎవడయ్యా ఆ కూతలు కూసింది?"

ఆ రోజుల్లో అలాంటి మాటకి చెవులు కోసేవారు. ఆంబ్రోస్‌కి గిడియన్ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క ముక్క అంటే చాలు, ఎగతాళి జన్మలో ఉండదు. కానీ ఆ ముక్క మింగేశాడు. "తలుపు మూసి మాట్లాడుకున్నాం ప్రభూ, తెరిచి చెప్పలేను" అన్నాడు.

ఆ తర్వాత రాజు కొలువులో అందరి ముందూ అడిగాడు. "పేరు చెప్పు, పెద్ద బిరుదిచ్చి నిన్ను ప్రభువుల్లో కలుపుతాను." దొర చెప్పలేదు.

అప్పుడు రాజు లేచి నిలబడి అడిగాడు. "చెప్తావా, ఏటి ఒడ్డు కోటలో ఖైదీగా కూర్చుంటావా?"

"కోటలో ఏటివైపు గది ఇప్పించండి ప్రభూ" అన్నాడు ఆంబ్రోస్.

అంతే, పట్టుకుపోయి రాతి గదిలో పెట్టి తాళం వేశారు.

మూడో రోజున అతని భార్య ప్రూడెన్సు దొరసాని మాంసం కూరిన రొట్టె పట్టుకుని వచ్చింది. ఎదురుగా కూర్చుంది.

"పేరు చెప్పమని మీకు నచ్చజెప్పమన్నారు. నచ్చజెప్పాను. ఇక తినండి" అంది.

దొరకి నవ్వాగలేదు. తింటుంటే ఆవిడే మళ్ళీ, "ఆ గిడియన్ మనింటికి వచ్చాడు. తనే వెళ్ళి ఒప్పేసుకుంటాట్ట" అంది.

"ఒప్పుకుంటే తంతానని చెప్పు!"

"మిమ్మల్ని అన్నేసి మాటలన్నవాడి మీద అంత ప్రేమేమిటండీ?"

"వాడి మీద ప్రేమ కాదే. వాడి పేరు నా నోట వచ్చినా, వాడి నోట వచ్చినా ఒకటే. రేపట్నుంచి ఆ సభలో ఇంకెవడూ టోపీ తియ్యడు."

ఆవిడ రొట్టె ఇంకో ముక్క కోసి పెట్టింది.

అక్కడ సభలో ఏమైంది? తమలో ఒకణ్ణి రాజు ఎత్తుకుపోతే, అతను తిరిగొచ్చేదాకా ఏ పనీ ముట్టకూడదని తీర్మానించుకున్నారు. పొద్దున్నే వచ్చేవారు, టోపీలు పెట్టుకుని కూర్చునేవారు. ఒక్కడూ లేవడు, ఒక్కడూ మాట్లాడడు. నాలుగు వందల టోపీలు, ఒక్క మాట లేదు! అందరికంటే ముందొచ్చేది గిడియనే. రాజు మంత్రిని పంపాడు, చప్పుడు లేదు. కబురు పంపాడు, చప్పుడు లేదు. బెదిరించాడు, చప్పుడు లేదు. యుద్ధానికి కట్టిన ఓడలు రేవులో ఊరికే ఊగుతున్నాయి.

చివరికి రాజు దిగివచ్చాడు. కోట అధికారి గది తలుపు బార్లా తీసి, కాగితం చదివాడు. "నువ్వు చేసిన తప్పు క్షమించి వదిలేస్తున్నాం."

ఆంబ్రోస్ కూర్చున్న చోటే కూర్చున్నాడు. "తప్పు చేసినవాడు ఈ గదిలో లేడండీ. ఇంకెక్కడైనా చూడండి."

"అయ్యా, తలుపు తీసే ఉంది!"

"అవును, చలేస్తోంది. కాస్త దగ్గరికి వెయ్యండి."

మర్నాడు రెండో కాగితం వచ్చింది. "తెలియక చేసిన తప్పు కాబట్టి వదిలేస్తున్నాం."

"తెలిసే చేశాను" అన్నాడు ఆంబ్రోస్. "మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చేస్తాను. అలాగని రాసుకెళ్ళండి."

"మీరొచ్చేదాకా సభ నోరు తెరవదట దొరా!" అని అధికారి తల పట్టుకున్నాడు. అతని ఉద్యోగంలో పారిపోయేవాళ్ళని చూశాడు గానీ, పొమ్మంటే పోనివాణ్ణి చూడలేదు. అక్కడ సభేమో నోరు తెరవదు, ఇక్కడ ఈయనేమో గడప దాటడు. పాపం, వానలో తడుస్తూ మళ్ళీ రాజు దగ్గరికి పరిగెత్తాడు.

ఆ మర్నాడు మూడో కాగితం వచ్చింది. అందులో తప్పు లేదు, క్షమించడం లేదు. రాజుగారి ముద్ర, దాని పైన ఒకే ఒక్క మాట: "వదలండి."

ఆంబ్రోస్ దొర ఆ కాగితం రెండుసార్లు చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. ఆ తర్వాత లేచి, టోపీ దులిపి, మెట్లు దిగాడు.

రేవులో పడవవాడు అడిగాడు: "ఎక్కడికి దొరా? రాజుగారి మేడకా, మీ ఇంటికా?"

"సభకి పోనియ్యి" అన్నాడు దొర. "పాపం, మాట్లాడక ఎన్ని రోజులైందో వాళ్ళు!"

పడవెక్కి దొర సభకి,
అడుగులేసి కథ కంచికి,
కబుర్లు మాని మనం ఇంటికి,
కమ్మని నిద్ర నీ కంటికి.