తులశమ్మ తెరిచిన సీసాలు

ఉగాది నాడు మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ మండిపోతోంది, ఆకు కదలడం లేదు. మదనపల్లె దాటాక వచ్చే కోనంపల్లెలో తులశమ్మ అనే ద్రాక్షరైతు ఉండేది. తన నాలుక ఒకసారి చెప్పిందంటే ఇంక ఎవరి మాటా వినేది కాదు.

ఆమెకు మూడెకరాల తోట ఉండేది. ఆ పండ్లతో బుడగలు పొంగే వైన్ చేసేది. అందులో చక్కెర కలిపేది కాదు, మందు వేసేది కాదు, మిషన్‌తో గ్యాసు ఎక్కించేది కాదు. రసం తొట్టిలో దానంతటదే పులిసేది. పులియడం పూర్తి కాకముందే, ఇంకా కాస్త తీపి మిగిలి ఉండగానే, సీసాల్లో పట్టి మూత బిగించాలి. ఆ మిగిలిన తీపే లోపల బుడగలవుతుంది. తీపి తక్కువైతే వైన్ చప్పగా ఉంటుంది. ఎక్కువైతే సీసా తట్టుకోలేదు. ఏ రోజు పట్టాలన్నదే అసలు పని.

భర్త పోయినప్పటి నుంచి తొమ్మిదేళ్లుగా ఆ రోజేదో తులశమ్మ నాలుకే చెబుతూ వచ్చింది. ఒక్క ఏడూ తప్పలేదు. మొదట్లో ఊళ్లో మగవాళ్లు, ఆడమనిషి సారాయి కాస్తోందని ఎగతాళి చేశారు. ఆమె లైసెన్సు కాగితానికి పటం కట్టించి గుమ్మానికి తగిలించింది. నవ్వినవాళ్లను పిలిచి మరీ చదివించింది.

పదో ఏడు కూతురు హైమ చదువు ముగించి తోటపనిలోకి వచ్చింది. వస్తూ వస్తూ రసంలో తీపి కొలిచే గాజుగొట్టం ఒకటి కొనుక్కొచ్చింది. తీపి ఎక్కువుంటే అది పైకి తేలేది, తగ్గేకొద్దీ కిందికి దిగేది.

బెల్లం పూర్ణం పెట్టిన ఉగాది భక్ష్యాలతో భోజనం అయింది. తులశమ్మ చేయి కడుక్కుని తొట్టి దగ్గరికి వచ్చి గరిటెడు రసం నోట్లో పోసుకుంది. కళ్లు మూసుకుంది. తీపి సన్నగా తగిలింది. సీసాలు తీయమంది.

హైమ గొట్టం వేసి చూసింది. అది ఇంకా పైనే ఉంది. కనీసం మూడు రోజులు ఆగాలంది. తోటలో ఎప్పటినుంచో పనిచేసే ఓబులక్క కూడా, పాప చెప్పేది ఒకసారి చూడరాదా అని నసిగింది.

"దానికి నోరుందా, నాలుకుందా?" అంది తులశమ్మ. "రేపు వైన్ తాగేది మనుషులా, గాజుగొట్టాలా?"

అందరూ నవ్వారు. హైమ నవ్వలేదు. సాయంత్రానికి ఆరువందల సీసాలు నిండాయి. ఆ ఏటి వైనంతా అదే. తోట చివర నేలలోకి దించి కట్టిన రాతిగదిలో వాటిని పేర్చారు.

రెండు వారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒక ఉదయం చూస్తే గదిలో ఒక సీసా పగిలి ఉంది. ఇంక ఎవరినీ లోపలికి పంపొద్దని హైమ అంది. తులశమ్మ ఆ పెంకును ఎండకు పెట్టి చూసి, లోపం గాజుదేనని తేల్చేసింది. మధ్యాహ్నం బెంగళూరు హోటలు తరఫున రంగప్రసాద్ సరుకు చూడటానికి వస్తున్నాడు. ఆలోపు సీసాలు తుడవాలి. ఓబులక్క, ఆమె ఇద్దరు కోడళ్లు లోపలికి వెళ్లారు. వాళ్లను అలా వదల్లేక హైమ కూడా వెళ్లింది.

తులశమ్మ బయట కూర్చుని సీసాల మీద అంటించే పేరు కాగితాలకు జిగురు రాస్తోంది. లోపల ఠప్పుమని శబ్దం వచ్చింది. వెంటనే ఇంకొకటి. ఒక సీసా పెంకులు పక్క సీసాకు తగిలి అదీ పేలుతోంది. టపాకాయల సరం అంటుకున్నట్టే ఉంది. ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, రావద్దు," హైమ గొంతు వినిపించింది. "ఈసారైనా నా మాట విను."

తులశమ్మ ఆగిపోయింది. ద్వారబంధం పట్టుకుని అక్కడే నిలబడింది. వైన్ గడప దాకా పారి ఆమె కాళ్లు తడిపింది.

కాసేపటికి, గదిలో మూలనున్న ద్రాక్ష మోసే ప్లాస్టిక్ బుట్టలు తలల మీద బోర్లించుకుని, గోడ వారగా వంగి, ఒకరి వెనక ఒకరు బయటికొచ్చారు. ముందు చిన్నకోడలు, తర్వాత పెద్దకోడలు, తర్వాత ఓబులక్క. ముగ్గురినీ ముందు పంపి చివర హైమ వచ్చింది. ఆమె మోచేతి నుంచి రక్తం కారుతోంది. ఓబులక్క బుట్టలో బెత్తెడు గాజుపెంకు దిగి ఉంది.

"నీ వైన్‌కు కోపమెక్కువ తులశమ్మా, అచ్చం నీ మాదిరే," అంది ఓబులక్క నేలమీద కూలబడుతూ.

తులశమ్మ కూతురి చేతికి తువ్వాలు చుట్టింది. డాక్టరు వచ్చి నాలుగు కుట్లు వేసే దాకా ఆ చేయి వదల్లేదు.

రంగప్రసాద్ వచ్చేసరికి శబ్దాలు ఆగాయి. అతను తలుపు సందులోంచి చూశాడు. నాలుగువందలైనా నిలిచాయన్నాడు. ఐసుతో చల్లబరిస్తే ఏమీ కాదని, ఇప్పుడే లారీ పిలుస్తానని, అడిగిన ధరే ఇస్తానని, జరిగింది బయటికి తెలియనక్కర్లేదని నచ్చజెప్పాడు.

"మీ హోటల్లో ఐసు కరిగాక అది ఎవరి చేతిలో పేలుతుంది?" అని అడిగింది తులశమ్మ.

అతను, ఈ మొండిపట్టు మానుకుని వచ్చే ఏడైనా అందరిలా గ్యాసు ఎక్కించుకోమన్నాడు.

"ఎక్కించను. ఇలాగే చేస్తాను," అంది తులశమ్మ. ఓబులక్క, కోడళ్లు వినేలాగే చెప్పింది. "తప్పు వైన్‌ది కాదు, నాది. భక్ష్యాలు తిన్న నోటితో రుచి చూశాను. బెల్లం తిన్న నాలుకకు ఏ రసం తియ్యగా తగులుతుంది? పాప చెప్పింది. నేను వినలేదు. వీటిలో ఒక్క సీసా కూడా ఈ గడప దాటదు. మీరు వెళ్లిరండి."

"అయితే వైన్‌తో పాదులు తడుపుకోండి," అన్నాడతను కారెక్కుతూ.

"అలాగే తడుపుతాను," అంది తులశమ్మ.

ఆ తర్వాత అంతా హైమ చెప్పినట్టే జరిగింది. రెండు రోజులు గదిలోకి ఎవరూ అడుగుపెట్టలేదు. బయటి నుంచే ఐసుదిమ్మలు లోపలికి దొర్లించారు. మూడోరోజు పొద్దున్నే తులశమ్మ హెల్మెట్ పెట్టుకుని అద్దం దించుకుంది. ఒంటికి రెండు బొంతలు చుట్టుకుంది. గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు తీయొచ్చా పాపా?" అని అడిగింది. హైమ తలూపింది.

మూత తీసే పని ఆమె ఇంకెవరికీ ఇవ్వలేదు. నాలుగువందల సీసాలూ తనే తెరిచింది. నురుగు పైకప్పుకు తగిలింది. బయటివాళ్లు ఆమె తెరిచిన సీసాలు అందుకున్నారు, లోపల మిగిలిన వైన్‌ను తోటలో పారబోశారు. ఊళ్లోవాళ్లు కంచె దగ్గర నిలబడి చూశారు. ఒకరిద్దరు నవ్వారు. ఆమె బొంత సర్దుకుని తర్వాతి సీసా అందుకుంది.

పొద్దు గూకే వేళకు పని ముగిసింది. తులశమ్మ ఓబులక్క, ఇద్దరు కోడళ్లతో పాటు వాళ్ల వీధి దాకా నడిచింది. మాకు దారి తెలియదా అని ఓబులక్క వేళాకోళమాడినా వెనక్కి తిరగలేదు. సీసాలు పేలిన రోజు గదిలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తమ ఇంటి గడప దాటుతుంటే వేళ్లు మడిచి లెక్కపెట్టింది. చిన్నకోడలు ఒకటి. పెద్దకోడలు రెండు. ఓబులక్క మూడు. ఇంటికి వచ్చి చూస్తే హైమ కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నాలుగో వేలు మడిచింది. తనను లెక్కలో వేసుకోలేదు.

పిల్లలూ, మన నేర్పు మీద మనకు ఎంత నమ్మకమున్నా ఎదురు చెప్పినవాళ్ల మాటను ఒకసారి సరిచూసుకోవాలి. ఎందుకంటే మన మొండితనానికి ముందు దెబ్బ తినేది మనం కాదు, మనల్ని నమ్మి లోపలికి వెళ్లినవాళ్లు.