గుమ్మం దగ్గర పిల్ల

ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు తవిటినాయుడు మాస్టారికి లేదు. విని, "పద, చూసొద్దాం" అనేవారు. ఆయన ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న ప్రాథమిక పాఠశాల పార్వతీపురానికి అవతల, కొండ దిగువ పల్లెలో ఉండేది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఆయన దగ్గర కొన్నాళ్ళు పనిచేస్తే మంచిదని అక్కడికి వేయించుకునేవారు. హైమ అలా వచ్చిందే. కాకినాడ అమ్మాయి. పిల్లలంటే ప్రేమ, పనంటే శ్రద్ధ, రెండూ ఉన్నాయి. ఒకనాడు మధ్యాహ్న భోజనాల వేళ ఆమె ఆయన ఎదుట నిలబడి అడిగింది.

"మాస్టారూ, తప్పు చేసిన పిల్లని దండించాలా, బుజ్జగించాలా? నేను రెండూ చేసి చూశాను. రెండూ పనిచెయ్యలేదు."

ఆమె అడుగుతున్నది మూడో తరగతి పైడితల్లి గురించి. సన్నగా, నల్లగా, పెద్ద కళ్ళతో ఉండే ఆ పిల్ల పగలంతా నోరు మెదపదు. సాయంత్రం ఇంటిబెల్లు కొట్టగానే ఒక్క ఉరుకున గుమ్మం దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడుతుంది. తోసుకుని ముందు ఎవరు బయటికి పోతే వాళ్ళని కొరుకుతుంది. హైమ విడిగా కూర్చోబెట్టింది. ఆటలు మానిపించింది. తరవాత మనసొప్పక, బుద్ధిగా ఉన్నవాళ్ళకి రంగుకాగితం నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టి, కొరకని రోజున పైడితల్లికి రెండు ఇచ్చింది. ఆ పిల్ల వాటిని తీసుకెళ్ళి బడి వెనక కట్టేసిన మేక నుదుటి మీద అంటించి వచ్చింది. అదేమిటే అంటే, "అది ఎవర్నీ కరవదు గదా టీచరుగోరూ" అంది. హైమకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

కానీ ముందురోజు జరిగింది నవ్వులాట కాదు. యామిని అనే పిల్ల చేతికి రక్తం వచ్చేలా గాయమైంది. పొద్దున్నే వాళ్ళ నాన్న గంగునాయుడు పొలానికి పోవడం మానుకుని బడికి వచ్చాడు. "ఏటి మేస్టారూ, ఇది బడేనా? ఆ గుంటని పంపించీండి. నేదంటే మా గుంటని మానిపించీస్తాను. శనివారం బడి కమిటీలో అందరి ముందూ ఇదే అడుగుతాను" అని చెప్పి వెళ్ళాడు. ఆ చుట్టుపక్కల ఇంకో బడి లేదు. ఇక్కణ్ణుంచి పంపించేస్తే పైడితల్లి చదువు అక్కడితో సరి.

మాస్టారు హైమ చెప్పినదంతా విన్నారు. "ఎవరిని కొరుకుతోందో చెప్పావు. ఎందుకో?" అన్నారు.

"అడిగితే చెప్పదండీ."

"అయితే పద, చూసొద్దాం."

సాయంత్రం ఇద్దరూ పైడితల్లి ఇంటికి వెళ్ళారు. పిల్ల చెరువు గట్టున ఎక్కడో ఆడుకుంటోంది. అమ్మమ్మ ఒక్కతే చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది. తండ్రి లేడు. తల్లి వానలు తగ్గాక చెన్నైలో మేడలు కట్టే పనికి పోయింది.

"వెళ్తున్నట్టు పిల్లకి చెప్పిందా?" అని అడిగారు మాస్టారు.

ముసలామె చేతిలో పని ఆగిపోయింది. "సెప్తే ఏడుస్తాదని సెప్పనేదు బాబూ. దాని ఏడుపు సూస్తే వాళ్ళమ్మ కదల్లేదు. అందుకని పొద్దున్న జడేసి బడికి పంపి, అది అటెల్లగానే ఇది బస్సెక్కీసింది. సాయంత్రం గుంట వొచ్చి ఇల్లంతా ఎతికింది. నీళ్ళ గాబు ఎనకాల కూడా ఎతికింది. మరి ఏడవనేదు. ఇప్పుడు వాళ్ళమ్మ పక్కింటి ఫోనుకి సేస్తే మంచం కిందకి దూరిపోతాది, మాట్లాడదు."

తిరిగి వస్తున్నప్పుడు హైమ, "రేపు దగ్గర కూర్చోబెట్టుకుని, మీ అమ్మ తొందర్లోనే వచ్చేస్తుందని చెబుతానండీ" అంది.

"వస్తుందా?"

"వస్తుందనే కదా..."

"ఎప్పుడొస్తుందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మనకి తెలిసిందల్లా రేపు బడి ఉందని. అంతవరకే మాటిద్దాం" అన్నారాయన.

మర్నాడు ఇంటిబెల్లు కొట్టే ముందే మాస్టారు మూడో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. బెల్లు మోగింది. పైడితల్లి ఉరికి వచ్చి ఆయన పక్కనే చేతులు అడ్డం పెట్టింది. పిల్లలు నాలుగడుగుల దూరంలో ఆగిపోయారు. ఆయన ఆ పిల్లని పక్కకి జరపలేదు.

"ఎక్కడికర్రా?" అన్నారు.

"ఇంటికి ఎలిపోతాం మేస్టారూ!"

"వెళ్ళిపోతామని అనకూడదు. వెళ్ళొస్తామని చెప్పాలి. ఊరికే అనడం కాదు, ఇదిగో, పైడితల్లి మొహం చూసి చెప్పాలి. అది సరేనంటేనే గుమ్మం దాటాలి."

అందరికంటే ముందున్నది యామినే. చేతికి కట్టు ఉంది. బెదురుతూ ఒక అడుగు వేసి, "ఎల్లొస్తానే" అంది. పైడితల్లి చేతులు దించలేదు. ఆ మాట నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తరవాత అడిగింది.

"నిజింగా వొస్తావా?"

"రేపు బడుంది గదే! రాకేటి సేస్తాను?"

కాసేపటికి ఒక చెయ్యి దిగింది. "సరే, ఎల్లిరా" అంది పైడితల్లి. యామిని బయటికి ఒక్క పరుగు తీసింది. వెనక వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. కొందరు నవ్వుతూ చెప్పారు, ఒకడు పాటలా రాగం తీశాడు. అందరికీ "ఎల్లిరా" అని చెప్పి పంపేసరికి ఆ పిల్ల నుదుట చెమట పట్టింది. ఆరోజు ఎవరికీ పళ్ళు దిగలేదు. మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు వచ్చి గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి పిల్ల మొహమూ చూసుకుంది.

శనివారం కమిటీలో గంగునాయుడు లేచి నిలబడ్డాడు. మాస్టారు, "ఇంకొక్క వారం చూడు నాయుడూ" అని మాత్రమే అన్నారు. వారానికైతే ఒప్పుకున్నాడు గానీ, అతని మొహంలో కోపం అలాగే ఉంది.

ఆ వారంలోనే చిక్కు వచ్చిపడింది. ఒక పొద్దున్న యామిని రాలేదు. ప్రార్థన అయిపోయింది, మొదటి పాఠం అయిపోయింది, పైడితల్లి గుమ్మం వదిలి రాలేదు. అన్నం కంచం ముట్టలేదు. హైమ వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే ఆ చేతినే కొరికింది. కొరికి, మొదటిసారి ఏడ్చింది. "ఎల్లొస్తానని సెప్పీసి రానేదు! అది కూడా రానేదు!" అంటూ వెక్కిళ్ళు పెట్టింది. అమ్మ వెళ్ళిన నాడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

హైమ చేతి మీద గాట్లు ఎర్రగా కనబడుతూనే ఉన్నాయి. ఆమె మాస్టారి గదికి వెళ్ళలేదు. పిల్ల మొహం తన కొంగుతో తుడిచి, "పద, చూసొద్దాం" అంది.

గంగునాయుడు తలుపు తీశాడు. గుమ్మంలో ఎవరున్నారో చూసి అతని మొహం బిగుసుకుంది. పైడితల్లికి అతనంటే భయమని ఊరందరికీ తెలుసు. అయినా అతని కాళ్ళ పక్కనుంచి తొంగి చూస్తూ గట్టిగా అరిచింది. "యామినీ! ఎందుకు రానేదే?"

లోపలి నుంచి దుప్పటి ముసుగులోంచి నీరసంగా జవాబు వచ్చింది. "జొరమే. తగ్గగానే వొస్తాను. నా సోటు ఎవ్వర్నీ కూకోనివ్వకు."

పైడితల్లి ఊపిరి పీల్చుకున్న చప్పుడు హైమకి వినపడింది. గంగునాయుడికీ వినపడి ఉంటుంది. అతను తన కూతురినీ, గుమ్మంలో పిల్లనీ మార్చి మార్చి చూశాడు. టీచరు చేతి మీద గాట్లూ చూశాడు. పక్కకి జరిగి, "బయటెందుకు నిలబడ్డావు? నోనికి రా" అన్నాడు. వాళ్ళావిడ గిన్నెల్లో గంజి పోసి ఇద్దరు పిల్లలకీ పెట్టింది. పొద్దుటినుంచి ఏమీ తినని పిల్ల గిన్నె ఎత్తి గటగటా తాగేసింది.

లేచి వచ్చేటప్పుడు పైడితల్లి గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి, కొంచెం సిగ్గుపడుతూ, "ఎల్లొస్తానే" అంది. ఆ మాట ఆ పిల్ల నోట హైమ వినడం అదే మొదలు.

తరవాత కమిటీలో గంగునాయుడు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పైడితల్లి ఆ ఏడాది ఇంకోసారి కొరికింది, అదీ తన పెన్సిలు లాక్కున్నవాణ్ణి. దానికి హైమ అందరు పిల్లల్నీ కేకలేసినట్టే కేకలేసింది, పిల్ల కూడా అందరిలాగే తల వంచుకుని తిట్లు పడింది. ఒక ఆదివారం తల్లి ఫోను చేస్తే మంచం కిందనుంచి తనే బయటికి వచ్చిందట. ఫోను రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు ఎప్పుడొస్తే అప్పుడే రా గానీ, మల్లీ ఎల్లినప్పుడు మాత్రం నాతో సెప్పి ఎల్లు. నానేడుస్తాను. ఏడ్సినా సరే, సెప్పి ఎల్లు" అందట. అమ్మమ్మ బడికి వచ్చి ఈ మాట చెప్పి, కళ్ళు ఒత్తుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం హైమ సంతోషంగా మాస్టారి గదిలోకి వెళ్ళింది. పైడితల్లి కబురంతా చెప్పాక, "మాస్టారూ, సోమవారం మా అక్క సీమంతం. రెండు రోజులు సెలవు కావాలండీ" అని అడిగింది.

"సెలవుకేం, ఇస్తాను" అన్నారు మాస్టారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఆ పిల్ల ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నట్టుంది. ముందు దాన్ని అడిగి రా అమ్మా."