ఫైటర్ చేపకు తన మొహమంటేనే ఎందుకు కోపం

నిజం చెప్పండి. ఫైటర్ చేప ఉన్న గాజుతొట్టి ముందు అద్దం పెట్టి, అది మొప్పలు విప్పి ఎగిరెగిరి పడుతుంటే మీలో ఎంతమంది నవ్వారు? తన మొహాన్ని తానే గుర్తుపట్టలేని తిక్కచేప అనుకున్నారు కదూ? దాని మాట వినకుండానే తీర్పు చెప్పేశారన్నమాట. ఇప్పుడు వినండి.

ఒకప్పుడు ఫైటర్ చేపకు కోపమంటే ఏమిటో తెలీదు. సముద్రం అవతల వరిమళ్ల దేశంలో, మోకాలిలోతు నీళ్లలో, బురదరంగు ఒంటితో, ముడిచిన రెక్కలతో బతికేది. ఆ మడిలో ఒక ఆచారం ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా రెక్కలు ముడుచుకుని పక్కకు జరగాలి. "రండి, మీ ఇల్లే అనుకోండి" అనాలి. అనకపోతే మడంతా చెవులు కొరుక్కునేది.

ఈ మర్యాదలో అందరికన్నా ముందుండేవాడు నురగయ్య.

ఆ వానాకాలం నురగయ్య నోటితో గాలి మింగి, బుడగ మీద బుడగ ఊది, వరి ఆకు నీడన తెల్లటి నురగ గూడు కట్టాడు. తల్లి చేప గుడ్లు పెట్టి వెళ్లిపోయింది. వాళ్ల జాతిలో కాపలా తండ్రిదే. గూట్లోంచి గుడ్డు జారితే వెంటనే కిందికి దూకాలి. బురద తాకకముందే నోటితో అందుకోవాలి. పైకి తెచ్చి మళ్లీ నురగలో అతికించాలి. తిండి లేదు, కునుకు లేదు. తెల్లారితే చాలు, పిల్లలు బయటికొస్తాయి.

గూటి కింద ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు ఉండేవాళ్లు. వరి దుబ్బు పట్టుకుని పాచి నాకే ముసలి నత్తత్త ఒకతె. బురదలో మీసాలు ఆడిస్తూ రాలిన తిండి ఏరుకునే జెల్లన్న ఒకడు. ఎవరి పని వాళ్లది. గూటి జోలికి వచ్చేవాళ్లు కాదు.

ఆ సాయంత్రం తోకరాజు ఊడిపడ్డాడు. నురగయ్యకు బావ వరస. అదే రంగు, అదే తోక, అచ్చు గుద్దినట్టు అదే మొహం.

"ఏం బావా, ఇల్లు కట్టావా, ఉమ్ము పోగేశావా?" అన్నాడు వస్తూనే.

"రా బావా, నీ ఇల్లే అనుకో," అన్నాడు నురగయ్య రెక్కలు ముడిచి.

తోకరాజు నిజంగానే అనుకున్నాడు.

ఇంతలో ఒక గుడ్డు జారింది. నురగయ్య దూకి అందుకుని పైకొచ్చాడు. చూస్తే గూటి అంచున చిల్లు.

"గుడ్లు తగ్గినట్టున్నాయే బావా."

"నురగ కదా, కరిగుంటుంది. నీ పనితనం నాకు తెలీదా?" అన్నాడు తోకరాజు మూతి తుడుచుకుంటూ.

మళ్లీ ఒకటి జారింది. మళ్లీ దూకాడు. పైకొచ్చేసరికి చిల్లు ఇంకా పెద్దదైంది.

నత్తత్త దుబ్బు మీద మెల్లగా పైకి జరిగింది. "ఒరే నురగయ్యా, నువ్వు కిందికి, మీ బావ గూట్లోకి. పలహారం బాగానే సాగుతోంది."

"ముసలిదాని మాటలు నమ్ముతావా? కళ్లు కొమ్ములకు తగిలించుకుని తిరుగుతుంది," అన్నాడు తోకరాజు.

"అందుకే నాయనా, మలుపు అవతల దొంగ కూడా కనిపిస్తాడు నాకు," అంది నత్తత్త.

నురగయ్య నత్తత్త వైపు తిరిగాడు. "పొమ్మంటే మడంతా ఏమంటుంది?"

"ఇంటికొచ్చిన బంధువుని గెంటేశాడంటుంది. తర్వాత నీ పరువు, నీ ఇష్టం," అన్నాడు తోకరాజు.

అప్పుడు బురదలోంచి జెల్లన్న మీసాలు పైకెత్తాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు. "మడికి నోరుంది, ఏదో ఒకటి అంటుంది. గుడ్లకు నోరు లేదుగా. వాటి తరఫున ఎవడు మాట్లాడతాడు?"

నురగయ్య తలెత్తి గూటికేసి చూశాడు. మిగిలిన ఒక్కో గుడ్డులోనూ నల్లటి చుక్కల్లాంటి కళ్లు. అన్నీ తననే చూస్తున్నట్టున్నాయి.

"బావా, బయటికి నడు."

తోకరాజు నవ్వి, ఎదురుగానే ఇంకో గుడ్డు మీద నోరు పెట్టబోయాడు.

అంతే. నురగయ్య కడుపులోంచి ఏదో భగ్గుమంది. బురదరంగు ఒంటి మీద కణకణ నిప్పుల రంగు పాకింది. ముడిచిన రెక్కలు పట్టు కుచ్చిళ్లలా విచ్చుకున్నాయి. మొప్పలు గొడుగులా తెరుచుకున్నాయి. ఇంతున్నవాడు అంతయ్యాడు. మీద పడి కొరికితే తోకరాజు తోక పీలికలు పీలికలైంది. వాడు గట్టు దూకి పక్క మడిలో పడి, మళ్లీ వెనక్కి చూడలేదు.

"ఈ మొహం మళ్లీ నా గూటి ఛాయలకొస్తే వదలను. బావైనా, అన్నైనా," అని ఒట్టు పెట్టుకున్నాడు నురగయ్య.

తెల్లారింది. పిల్లలు బయటికొచ్చాయి, బుడగల కింద దారప్పోగుల్లా వేలాడుతున్నాయి. గాలి లేదు. నీటి పైపొర అద్దంలా నిలిచిపోయింది. నురగయ్య తలెత్తాడు. అక్కడ, పిల్లల పక్కనే, అదే మొహం. ఒక్క ఉదుటున మొప్పలు విప్పి మీదికి ఉరికాడు.

నత్తత్త పడీపడీ నవ్వింది. "ఒరే, అది నువ్వేరా."

"కావచ్చత్తా. నిన్న బావ కూడా నాలాగే ఉన్నాడు. నేనా, వాడా అని తేల్చుకునేలోపు ఒక్క పిల్ల పోతే?"

నత్తత్త మళ్లీ పాచి నాకే పనిలో పడింది.

"మరి మా సంగతి?" అన్నాడు జెల్లన్న.

"మీ మొహాలు వేరు, మీ చోటు వేరు. హాయిగా ఉండండి," అన్నాడు నురగయ్య.

అప్పటినుంచే మగ ఫైటర్ చేప ఇంకో మగ ఫైటర్ని చూస్తే భగ్గుమంటుంది, అద్దంలో తన మొహాన్ని కూడా వదలదు. పాచి నాకే నత్త, అడుగున తిరిగే బుల్లి జెల్ల పక్కనుంటే మాత్రం చాలాసార్లు పట్టించుకోదు.

అది తిక్క కాదు, కాపలా. అందుకని ఇప్పుడే లేవండి. తొట్టి ముందున్న ఆ అద్దం తీసేయండి.