మూడు నోళ్లలో తురాయి పేరు

నల్లకోన అడవిలో చిలుకలు, గోరింకలు, పైడికంటెలనే చిన్న గుడ్లగూబలు, వడ్రంగిపిట్టలు కలిసి బతికేవి. వాటన్నిటికీ గూడంటే చెట్టు తొర్రే. కానీ గట్టి మానులో తొర్ర తొలిచే ముక్కు వడ్రంగిపిట్టలకే ఉండేది. అందుకని మిగతా పక్షులు వాటిని కాంట్రాక్టు మీద పిలిచేవి. పని నడిచినన్నాళ్లు తిండి చూపించేవి. పని ముగిసిన రోజున సెలవిచ్చేవి. వడ్రంగిపిట్ట మళ్లీ కొత్త పని వెతుక్కోవాల్సిందే.

వాగు ఒడ్డున ఒక చదునైన రాయి ఉండేది. దాన్ని కబుర్ల బండ అనేవారు. పని కావలసిన పిట్టలు పొద్దున్నే అక్కడ వాలేవి. పని ఇప్పించే ఏజెంట్లు కూడా అక్కడికే వచ్చేవి. కాకి, పికిలిపిట్ట, జెముడుకాకి ఆ ఏజెంట్లు. అడవిలో ఎక్కడ ఏ పని ఉందో అవి తిరిగి తెలుసుకునేవి. పనివాళ్ల పేర్లు తీసుకెళ్లి చెప్పేవి. పని కుదిరితే వాటికీ కొంత వాటా దక్కేది.

తురాయి ఒక పెద్ద వడ్రంగిపిట్ట. అది తొలిచిన తొర్రలోకి వాన చుక్క దిగదు. ఆ ఏడు గోరింకల దగ్గర పని ముగిసేసరికి ఎండలు ముదిరాయి. బెరడు కింద పురుగులు కరువయ్యాయి. గూట్లో భార్య సిందూరి, ఇంకా ఎగరడం రాని రెండు పిల్లలు ఉన్నాయి.

"నా ముక్కు సంగతి తెలియనివారెవరు? రెండు రోజుల్లో పని వస్తుంది" అని తురాయి భార్యతో అంది.

పది రోజులు గడిచాయి. పని రాలేదు.

పదకొండో రోజున కాకి వచ్చి, "ఒక పెద్ద గుంపుకు తొర్రలు కావాలట. నీ పేరు చెప్పనా?" అంది.

"అడుగుతావేం మామా? చెప్పెయ్!" అంది తురాయి.

ఆ సాయంత్రం పికిలిపిట్ట కూడా అలాగే అడిగింది. మర్నాడు జెముడుకాకి అడిగింది. ఎవరి గుంపో ఏ ఏజెంటూ చెప్పలేదు. చెబితే పనివాడు నేరుగా వెళ్లిపోతాడని వాటి భయం. తురాయి కూడా అడగలేదు. మూడు చోట్ల పేరు పడితే మూడు పనులు వస్తాయనుకుంది. పిల్లల ఆకలి చూస్తున్న తండ్రికి ఇంకేం తోస్తుంది?

చారిక అనే చిన్న వడ్రంగిపిట్ట ఇదంతా చూసింది. "అన్నా, ఎవరి పనో అడిగి పేరివ్వు. నీ గురించి ఏం చెబుతారో కూడా కనుక్కో" అంది.

"నీ ముక్కు చిన్నది చెల్లీ, అందుకే నీకు భయాలెక్కువ. నాకెందుకు?" అని తురాయి నవ్వేసింది.

కాకి చారిక దగ్గరకూ వచ్చింది.

"ఎవరి పని మామా?" అని చారిక అడిగింది.

"అది నీకెందుకు? పేరివ్వు చాలు."

"తెలియకుండా ఇవ్వను."

కాకి కాసేపు గొణిగింది. చివరికి, "చిలుకల పని. గాలివానకు వాటి చెట్టు కూలింది. గుడ్లు పెట్టే వేళకు పన్నెండు తొర్రలు కావాలి. చేసినవాళ్లకు వేసవంతా మేడిచెట్ల దగ్గర తిండి" అంది.

"సరే, నా పేరు చెప్పు. ముక్కు చిన్నదనీ, నెల పడుతుందనీ ఉన్నదున్నట్టు చెప్పు" అంది చారిక.

తర్వాత మిగతా ఏజెంట్లు అడిగితే, "చిలుకల పనికి కాకి మామ నా పేరు చెప్పింది. వేరే పనైతే చెప్పండి" అని పంపేసింది.

చిలుకల పెద్ద పేరు పచ్చమ్మ. దాని దగ్గరకు ఏజెంట్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

"తురాయి పుట్టినప్పటి నుంచి టేకు మానులోనే పని చేసింది" అంది కాకి.

"తురాయి పది రోజుల్లో ముగిస్తుంది" అంది పికిలిపిట్ట.

"తురాయి రాతిని కూడా తొలుస్తుంది" అంది జెముడుకాకి.

పచ్చమ్మకు తల తిరిగిపోయింది. "పేరు ఒక్కటే, మాటలు మూడు. ఏది నమ్మను? పని ఇస్తే మీరు ముగ్గురూ వాటా కోసం నా గుమ్మం ముందు కొట్టుకుంటారు. గుడ్ల వేళ నాకీ గొడవ వద్దు" అంది. తురాయి పేరు పక్కన పెట్టి, చారికను పిలిపించింది.

ఆ సంగతి తురాయికి ఎవరూ చెప్పలేదు. అది రోజూ బండ మీద వాలి ఎదురు చూసేది. "ఏమైంది మామా?" అని అడిగితే, "చూస్తున్నారు, చెబుతారు" అని కాకి ఎగిరిపోయేది. పికిలిపిట్ట దారి మార్చుకునేది. జెముడుకాకి కనబడడమే మానేసింది. గూటికి వెళ్తే సిందూరి ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే తురాయికి ఎక్కువ బాధగా ఉండేది. దొరికిన నాలుగు చీమలు పిల్లల నోట్లో పెట్టి, తాను తినే వచ్చానని చెప్పేది.

ఒకనాడు కొండ అవతల టకటకమని చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే చారిక తొర్ర తొలుస్తోంది. తురాయి కోపంగా పచ్చమ్మ ముందు వాలింది.

"ఇంత చిన్నదానికి ఇచ్చి నాకివ్వలేదు. నా పనిలో ఏం లోపం అవ్వా?"

"నీ పని నేను చూడనేలేదు నాయనా. నీ గురించి విన్నానంతే" అని పచ్చమ్మ ఏజెంట్ల మాటలు చెప్పింది.

"రాతిని తొలుస్తానని నేనెప్పుడూ అనలేదు" అంది తురాయి.

"అనలేదు. వాళ్లు ఏమంటారో అడగనూ లేదు" అంది పచ్చమ్మ. దాని గొంతులో కోపం లేదు. "చారికకు ఇచ్చిన మాట మార్చలేను. పిల్లలకు కాసిని మేడిపళ్లు తీసుకెళ్లు."

తురాయి తల వంచుకుని పళ్లు తీసుకెళ్లింది. ఆ వేసవి దానికి కష్టంగానే గడిచింది.

కొన్నాళ్లకు పికిలిపిట్ట మళ్లీ వచ్చింది. "ఒక తొర్ర పని ఉంది. పేరు చెప్పనా?"

"ఎవరి పని? ఏ చెట్టు? నా గురించి ఏం చెబుతావు?" అని తురాయి అడిగింది.

పికిలిపిట్ట ఆశ్చర్యపోయింది. "ఒక ఒంటరి పైడికంటెది. మద్దిచెట్టు. రెండు రోజుల్లో చేస్తావని చెబుతా."

"మద్ది గట్టి మాను. ఆరు రోజులని చెప్పు. ఈ పనికి ఇంకే ఏజెంటుకూ నా పేరివ్వను."

"ఆరంటే ఒప్పుకోదేమో!"

"ఒప్పుకోకపోతే పోనీ" అంది తురాయి, గుండె చిక్కబట్టుకుని.

పైడికంటె ఒప్పుకుంది. "రెండు రోజులన్నవాళ్లు ఇద్దరొచ్చి మధ్యలో వదిలేశారు. ఆరు రోజులన్నది నువ్వొక్కడివే" అంది.

ఆరో రోజు సాయంత్రానికి తొర్ర పూర్తయింది. పైడికంటె లోపలికి దూరి, చుట్టూ చూసుకుని, తల బయట పెట్టింది. "మా చెల్లెలికీ ఒకటి కావాలి. నిన్నే నేరుగా పిలవనా, పికిలిపిట్టకు చెప్పనా?"

"పికిలిపిట్టకే చెప్పండి. నన్నిక్కడికి తెచ్చింది అదే" అంది తురాయి. ముక్కు నిండా పురుగులు పట్టుకుని గూటికి ఎగిరింది.

నీతి: ఎంత అవసరంలో ఉన్నా, ఎవరి పనో, ఏం చెబుతారో తెలుసుకున్నాకే మన పేరు ఇతరుల చేతికి ఇవ్వాలి.